అమెరికా కంపెనీ రాజీకి వచ్చింది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: నేను మిర్యాలగూడ ప్రాంతంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునిగా పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి డాలస్ దగ్గర మూడు వందల మంది దాకా పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదికి 1,20,000 డాలర్ల జీతం. పై అధికారి సమావేశాల్లో అతని ఉచ్చారణను వెక్కిరించేవాడు, ఒంటి రంగు గురించి మాటలనేవాడు, అతనికన్నా తక్కువ అనుభవమున్న తెల్లవారికి పదోన్నతులు ఇచ్చాడు. హెచ్ఆర్ విభాగానికి ఫిర్యాదు చేస్తే రెండు నెలలు తిరగకముందే పనితీరు బాగాలేదని నోటీసు ఇచ్చారు. సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు వెళ్లి, అనుమతి పత్రం తీసుకొని, ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. ఉద్యోగం ఇంకా ఉన్నది. వచ్చే నెల మధ్యవర్తి దగ్గర కూర్చోమని కోర్టు చెప్పింది. ఆలోగా కంపెనీ ఒక రాజీపత్రం పంపింది: 1,40,000 డాలర్లు ఇస్తారు, తప్పు చేసినట్టు ఒప్పుకోరు, విషయం ఎవరికీ చెప్పకూడదు, వెంటనే రాజీనామా చేయాలి. మా అన్నదమ్ముల పొలం తగాదాలో తప్పు చేసినవాడు పదిమందిలో ఒప్పుకున్న తర్వాతనే రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండా డబ్బు ఇస్తే అది నోరు మూయించడం కాదా? తీసుకుంటే ఓడినట్టు కాదా? తీసుకోవద్దని మా బంధువులు, తీసుకొని ఇంటికి రమ్మని మా ఇంటావిడ అంటున్నారు. వాడు మాత్రం, నాయనా నువ్వు ఎట్లంటే అట్ల అంటున్నాడు.

సమాధానం: అయ్యా, మీ ఊరినీ, అంకెలనూ, మరికొన్ని వివరాలనూ మార్చి మీ ఉత్తరాన్ని ప్రచురిస్తున్నాము. ఎందుకు మార్చామో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

రాజీకి ఒప్పుకోవడం ఓటమి కాదు. అయినా మీ అబ్బాయి ముందున్న రాజీపత్రానికి, అది ఇప్పుడున్న రూపంలో, ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. మిమ్మల్ని బాధిస్తున్నది క్షమాపణ లేకపోవడం. నన్ను భయపెడుతున్నది మాత్రం మీరు ఉత్తరంలో చివరి మాటగా రాసి వదిలేసిన రాజీనామా షరతు.

ముందు క్షమాపణ సంగతి. మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీలో తప్పు ఒప్పుకోవడమే రాజీకి ప్రాణం, ఎందుకంటే తగాదా పడ్డ ఇద్దరూ తెల్లవారితే ఒకే బావి దగ్గర, ఒకే గట్టు మీద ఎదురుపడాలి. అమెరికాలో ఇటువంటి దావాల్లో రాజీ ఒక వ్యాపార ఒప్పందం లాగా నడుస్తుంది. తాము ఏ తప్పూ చేసినట్టు ఒప్పుకోవడం లేదన్న వాక్యం లేని రాజీపత్రం అక్కడ అరుదు. చిన్న కంపెనీ రాసినా, పెద్ద కంపెనీ రాసినా ఆ వాక్యం ఉంటుంది. అది మీ అబ్బాయిని అవమానించడానికి ప్రత్యేకంగా రాసింది కాదు. ఆ వాక్యాన్ని తీసివేయించాలని పట్టుబడితే బేరంలోని బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. జ్యూరీ తీర్పు మీ అబ్బాయికి అనుకూలంగా వచ్చినా కోర్టు ఆ అధికారి చేత క్షమాపణ చెప్పించదు, పరిహారం ఇప్పిస్తుంది. కోర్టు సాధారణంగా ఇవ్వని కొన్ని చిన్న గౌరవాలు మధ్యవర్తి గదిలోనే అడిగి తెచ్చుకోవచ్చు: పనితీరు నోటీసును ఉద్యోగ దస్త్రం నుంచి తొలగించడం, ఎవరైనా అడిగితే ఉద్యోగ కాలమూ హోదా మాత్రమే చెప్పాలన్న నిబంధన, పై అధికారులకు వివక్షపై శిక్షణ, కొన్నిసార్లు విచారం వ్యక్తం చేస్తూ ఒక లేఖ. పదిమందిలో ఒప్పుకోలు దొరకకపోయినా వీటిని అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు.

ఇక రాజీనామా. ఏడేళ్లుగా హెచ్-1బీ మీద ఉన్నాడంటే ఆ వీసాకు మామూలుగా ఉండే ఆరేళ్ల పరిమితి దాటింది. కాబట్టి కంపెనీ అతని గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందే ఉంటుందని, దాని ఆధారంగానే పొడిగింపు వచ్చి ఉంటుందని అనుకుంటున్నాను. ఉద్యోగం పోయిన రోజు నుంచి హెచ్-1బీ ఉద్యోగికి 60 రోజుల వ్యవధి మాత్రమే ఉంటుంది. అతని ప్రవేశ పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే అంత కూడా ఉండదు. ఆ వ్యవధిలో మరొక యజమాని అతని కోసం దరఖాస్తు వేయాలి, లేదా అతను వేరే రకం వీసాకు మారాలి, లేదా దేశం విడిచిపెట్టాలి. కోడలు, పిల్లలు అతని మీద ఆధారపడినవారికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉంటే వాళ్ల గడియారం కూడా దానితోపాటే తిరుగుతుంది. రాజీ సొమ్ము ఒక్కసారిగా చేతికి వచ్చినంత మాత్రాన ఆ 60 రోజులు 61 కావు. కోర్టులో దావా నడుస్తున్నదన్న కారణంతో దేశంలో ఉండే హక్కు కూడా రాదు. బంధువుల్లో ఎవరైనా కేసు ఉన్నన్ని రోజులు పంపించరులే అని చెప్పి ఉంటే ఆ మాట నమ్మకండి.

అందుకే రాజీనామా షరతు మీద బేరం రెండు దారుల్లో సాగాలి. మొదటిది, ఆ షరతునే తీసివేయమని అడగడం. ఉద్యోగంలో ఉంటూనే దావాను రాజీ చేసుకోవడం చట్టవిరుద్ధం కాదు, అసాధారణం కూడా కాదు. అయితే చాలా కంపెనీలకు అది ఇష్టం ఉండదు. నిజం చెప్పాలంటే ఆ అధికారి కిందనే మళ్లీ పనిచేయడం మీ అబ్బాయికి కూడా నరకమే కావచ్చు. రెండవ దారి తేదీని వెనక్కి జరపడం. సంతకం పెట్టిన రోజునే వెళ్లిపోకుండా, మరికొన్ని నెలలు జీతం మీద నిజంగా పనిచేస్తూ కొత్త ఉద్యోగం వెతుక్కొని, అక్కడి యజమాని దరఖాస్తు వేసిన తర్వాత తప్పుకొనేటట్టు రాయించుకోవాలి. ఇప్పటికే హెచ్-1బీ మీద ఉన్నవాడికి కొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేయగానే అక్కడ పని మొదలుపెట్టే వీలుంటుంది, ఆమోదం వచ్చేదాకా ఆగనవసరం లేదు. దానితోపాటు, ఐ-140ని తాము ఉపసంహరించుకోబోమని కంపెనీ చేత రాయించుకోవడం మంచిది. ఆమోదం వచ్చి 180 రోజులు దాటి ఉంటే కంపెనీ ఉపసంహరించుకున్నా గ్రీన్‌కార్డు వరుసలో అతని తేదీ పోదు, ఆరేళ్ల తర్వాతి పొడిగింపులకూ అది పనికివస్తుంది. అయినా కాగితం మీద ఉంటే మనశ్శాంతి. హెచ్-1బీ దరఖాస్తు సంగతి వేరు. ఉద్యోగం ముగిసిందని కంపెనీ ప్రభుత్వానికి తెలియజేయవలసిందే కాబట్టి దాన్ని ఆపమని అడిగి లాభం లేదు. వివక్ష దావా నడిపే వకీలుకు వలస చట్టం తెలిసి ఉండాలని నియమమేమీ లేదు. సంతకానికి ముందు ఆ రాజీపత్రాన్ని వలస చట్టం చూసే మరొక వకీలుకు తప్పకుండా చూపించమనండి. దాని ఫీజు మొత్తం సొమ్ములో లెక్కలోకి వచ్చేది కాదు.

డబ్బు విషయంలో మీ బంధువులు వాళ్లకు తెలియకుండానే మీ అబ్బాయికి అన్యాయం చేస్తున్నారు. 1,40,000 డాలర్లను రూపాయల్లోకి మార్చి కోటికి పైన అని వాళ్లు అనుకుంటుంటారు. అటువంటి కేసుల్లో వకీలు రాబడిలో వాటా మీద పనిచేస్తాడు. మూడో వంతు నుంచి 40 శాతం దాకా తీసుకోవడం మామూలు. 40 శాతమే అనుకుంటే 56,000 డాలర్లు అక్కడే పోతాయి, సాక్ష్యాల నమోదుకూ నిపుణులకూ అయిన ఖర్చు వేరుగా తీసుకోవచ్చు. మిగిలిన 84,000లో అమెరికా ప్రభుత్వానికి పన్ను ఉంటుంది. శరీర గాయానికి ఇచ్చిన పరిహారానికి అక్కడ పన్ను మినహాయింపు ఉన్నది కానీ, మనోవేదనకు ఇచ్చినదానికీ, బకాయి జీతం కింద ఇచ్చినదానికీ లేదు. బకాయి జీతం అని రాసిన భాగం నుంచి మామూలు జీతంలో లాగానే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా పడతాయి. వకీలుకు నేరుగా వెళ్లిన వాటా కూడా కాగితాల్లో మీ అబ్బాయి ఆదాయంగానే కనిపిస్తుంది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఆ విషయం తేల్చి చెప్పింది. అయితే 2004లో చేసిన చట్టం వల్ల వివక్ష కేసుల్లో ఆ ఫీజును ఆదాయం నుంచి తీసివేసి చూపించుకోవచ్చు. మొత్తంలో ఎంత జీతం కింద, ఎంత మనోవేదన కింద ఇస్తున్నారన్న విభజన రాజీపత్రంలోనే స్పష్టంగా ఉండాలి. తర్వాత చూసుకుందామంటే ఆ చూసుకోవడం పన్నుల శాఖతో అవుతుంది. ఇంత లెక్కా అయిన తర్వాత చేతికి మిగిలేది దాదాపు అతని ఆరునెలల జీతం, అటూ ఇటూ. కొత్త ఉద్యోగం ఆరునెలల్లో దొరకకపోతే ఆ రాజీలో మీ అబ్బాయి నష్టపోయినట్టే.

అలాగని 1,40,000 తక్కువ మొత్తమని కొట్టిపారేయడానికి కూడా లేదు, ఎందుకంటే అతను ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు. ఉద్యోగం నుంచి తీసివేయబడిన మనిషికి పోయిన జీతమంతా నష్టం కింద లెక్కకు వస్తుంది. మీ అబ్బాయికి పోయినది పదోన్నతి వస్తే పెరిగే జీతానికీ ఇప్పటి జీతానికీ మధ్య తేడా మాత్రమే. మిగిలినది మనోవేదన. 1964 పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం కింద మనోవేదనకూ, శిక్షగా వేసే పరిహారానికీ కలిపి 1991లో గరిష్ఠ పరిమితులు పెట్టారు. 201 నుంచి 500 మంది ఉద్యోగులున్న కంపెనీకి ఆ పరిమితి 2,00,000 డాలర్లు. బకాయి జీతం ఆ పరిమితిలోకి రాదు. అంటే జ్యూరీ ఎంత పెద్ద మొత్తం ప్రకటించినా ఆ చట్టం కింద అంతకు మించి రాదు. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. అంతర్యుద్ధం తర్వాత, 1866లో, నల్లజాతి వారి హక్కుల కోసం చేసిన చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1981 కింద జాతి వివక్ష నిరూపిస్తే అటువంటి పరిమితి లేదు. ఆ సెక్షన్ వంశాన్నీ జాతి లక్షణాలనూ బట్టి చేసే వివక్షకు కూడా వర్తిస్తుందని 1987లో, ఇరాక్‌లో పుట్టిన ఒక అధ్యాపకుని కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. కేవలం పుట్టిన దేశాన్ని బట్టి చేసిన వివక్షకు మాత్రం అది అందదు. కాబట్టి దావాలో సెక్షన్ 1981 ఉన్నదా, ఒంటి రంగు గురించి అన్న మాటలకు సాక్షులో ఈమెయిళ్లో ఉన్నాయా అన్నది మీ అబ్బాయి తన వకీలును అడగాలి. కంపెనీ చెప్పిన మొత్తం తక్కువా ఎక్కువా అన్నది ఆ జవాబును బట్టి మారుతుంది.

ఆఖరుదాకా పోరాడాలని మీ బంధువులు అనడంలో ఆత్మగౌరవం ఉన్నది, నేను దాన్ని చిన్నచూపు చూడను. అయితే పోరాడేది వాళ్లు కాదు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో సివిల్ దావాలు నూటికి ఒకటి రెండుకు మించి విచారణ దాకా వెళ్లవు. ఉద్యోగ వివక్ష దావాల్లో చాలావాటిని, జ్యూరీ ముందుకు వెళ్లేంత సాక్ష్యం లేదంటూ కంపెనీ వేసే పిటిషన్ మీదనే జడ్జి ముగించేస్తాడు. మీ అబ్బాయి కేసులో నాకు బలంగా కనిపిస్తున్నది వివక్ష ఆరోపణ కన్నా ప్రతీకార ఆరోపణ. ఫిర్యాదు చేసిన రెండు నెలల్లోపు, అంతకుముందు లేని పనితీరు నోటీసు రావడం జడ్జి కంటికి ఆనుతుంది. అంతకుముందు ఏడాదుల పనితీరు నివేదికలు మంచివైతే ఇంకా మేలు. అయితే ప్రతీకారం కేసుల్లోనూ, ఫిర్యాదు చేయకపోయి ఉంటే ఈ చర్య జరిగేది కాదని నిరూపించాలని 2013లో సుప్రీంకోర్టు గీత గీసింది. ఆ గీత దాటడం అంత సులువు కాదు.

గెలిచినవారి అనుభవం కూడా చూడండి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో టెస్లా కర్మాగారంలో లిఫ్టు నడిపిన నల్లజాతి కార్మికుడు ఓవెన్ డియాజ్‌కు 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ దాదాపు 13.7 కోట్ల డాలర్లు ప్రకటించింది. అది సెక్షన్ 1981 కింద వేసిన దావా కాబట్టి చట్టపరమైన పరిమితి అడ్డురాలేదు. మొత్తం మరీ ఎక్కువన్న కారణంతో జడ్జి మరుసటి ఏడు దాన్ని 1.5 కోట్లకు తగ్గించాడు. డియాజ్ ఆ తగ్గింపును నిరాకరించి మళ్లీ విచారణ కోరుకున్నాడు. 2023లో రెండవ జ్యూరీ ఇచ్చినది సుమారు 32 లక్షల డాలర్లు. 2024 మార్చిలో ఇరుపక్షాలూ రాజీ చేసుకున్నాయి, షరతులు బయటపెట్టలేదు. పత్రికల్లో మొదటి అంకెనే పెద్ద అక్షరాల్లో వేశారు కాబట్టి ఊళ్లలో చెప్పుకునేది కూడా అదే.

కంపెనీ పంపినది మామూలు ప్రతిపాదనా, లేక ఫెడరల్ కోర్టుల సివిల్ విధాన నిబంధన 68 కింద లాంఛనంగా పంపిన ప్రతిపాదనా అన్నది కూడా తెలుసుకోవాలి. ఆ నిబంధన కింద పంపినదైతే ఒప్పుకోవడానికి 14 రోజుల గడువు ఉంటుంది. నిరాకరించి, ఆ తర్వాత తీర్పులో అంతకన్నా ఎక్కువ రాకపోతే, ప్రతిపాదన తర్వాతి కోర్టు ఖర్చులు మీ అబ్బాయి మీదనే పడతాయి. గెలిచినందుకు అవతలి పక్షం నుంచి రావలసిన వకీలు ఫీజులో ఆ తర్వాతి భాగం కూడా పోతుంది.

ఇప్పుడు నోరు మూయించడం గురించి. మీ ఊరిని ఎందుకు మార్చామన్నది ఇక్కడే చెబుతాను. ఫ్లోరిడాలో ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, మీలాంటివారే, వయసును బట్టి తనను తీసివేశారని దావా వేసి రాజీ చేసుకున్నాడు. షరతు ప్రకారం భార్యకూ వకీళ్లకూ తప్ప ఎవరికీ చెప్పకూడదు. కూతురికి చెప్పాడు. ఆ అమ్మాయి తన తల్లిదండ్రులు గెలిచారని, ఆ డబ్బుతో తాను ఐరోపా యాత్రకు వెళ్తున్నానని ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితుల్లో ఆ బడి పాత విద్యార్థులు చాలామంది. 2014లో అక్కడి అప్పీలు కోర్టు షరతు తప్పినందుకు 80,000 డాలర్లు ఇవ్వనవసరం లేదని తీర్పు చెప్పింది. మన దగ్గర ఇంట్లో మంచి జరిగితే పది ఇళ్లకు తెలియడం ఆనవాయితీ. కుటుంబ వాట్సాప్ బృందంలో ఒక్క వాక్యం పెడితే అది సాయంత్రానికి హైదరాబాదులోని మేనమామ దాకా, రాత్రికి డాలస్‌లోని తెలుగు సంఘం దాకా వెళ్తుంది. కాబట్టి రహస్య షరతులో ఎవరెవరికి చెప్పవచ్చో పేర్కొనే చోట భార్యతోపాటు తల్లిదండ్రులను, పన్నుల సలహాదారును, ప్రభుత్వ సంస్థలను చేర్పించమని మీ అబ్బాయికి చెప్పండి. అట్లా చేర్పించిన తర్వాత మీరూ మీ ఇంటావిడా ఆ విషయం మీ దగ్గరే ఉంచుకోవాలి. మధ్యవర్తి గదిలో నడిచే మాటలకు కూడా గోప్యత ఉంటుంది, కాబట్టి ఇప్పటినుంచే బంధువులకు అంకెలు చెప్పడం ఆపండి. అడిగినవారికి కేసు నడుస్తున్నదని చెబితే చాలు.

షరతుల వల్ల పూర్తిగా నోరు మూతపడుతుందనుకోవడం కూడా సరికాదు. ఏ రాజీపత్రమూ సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కునూ, ఆ కమిషన్ విచారణలో సహకరించే హక్కునూ లాక్కోలేదు. రేపు అదే అధికారి మరొకరిని వేధిస్తే, కమిషన్ పిలిచినప్పుడు మీ అబ్బాయి నిజం చెప్పవచ్చు. వదులుకునేది ఈ దావాను. మళ్లీ వేయడానికి వీలులేని విధంగా కోర్టు దాన్ని కొట్టివేస్తుంది. మన లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేనట్టే దీనికీ వెనక్కి తిరిగే దారి లేదు.

మధ్యవర్తి దగ్గర ఆ రోజు ఎట్లా గడుస్తుందో మీకు తెలిస్తే మంచిది. ఇరుపక్షాలను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మధ్యవర్తి అటూ ఇటూ తిరుగుతాడు. ఆయన జడ్జి కాదు, ఎవరిది తప్పో చెప్పడు, ఇరువైపులా భయాలను గుర్తుచేస్తూ అంకెలను దగ్గరకు తెస్తాడు. పగలంతా ఏమీ కదలదు, సాయంత్రం అయ్యేసరికి అందరూ అలిసిపోయి ఉండగా అసలు మాట తేలుతుంది. అప్పుడు రాసే ఒకటి రెండు పేజీల కాగితం మీద సంతకం పెడితే చాలా సందర్భాల్లో అదే కట్టుబడవలసిన ఒప్పందమవుతుంది, పూర్తి పత్రం తర్వాత వచ్చినా సరే. అందువల్ల రాజీనామా తేదీ, ఐ-140, ఉద్యోగ దస్త్రం, సొమ్ము విభజన, ఎవరికి చెప్పవచ్చన్న జాబితా, ఇవన్నీ ఆ చిన్న కాగితంలోనే ఉండాలి. తర్వాత రాస్తామన్న మాటకు ఒప్పుకోవద్దని అతనికి ముందే చెప్పండి.

మీ ఇంటావిడ మాటను కొట్టివేయకండి. ఇంటికి రమ్మనడంలో భయం ఉన్నది, ప్రేమ కూడా ఉన్నది. తిరిగి రావడమే మీ అబ్బాయికీ కోడలికీ ఇష్టమైతే నేను పైన వీసా గురించి రాసినదంతా పక్కనపెట్టి, రాజీనామా షరతుకు తగిన అదనపు సొమ్మును అడగడమే సరైన దారి. కానీ అది వాళ్లిద్దరి నిర్ణయం. నాయనా నువ్వు ఎట్లంటే అట్ల అని అతను అన్నప్పుడు మీరు తీర్పు చెప్పకండి. జీతమెంత మిగిలింది, కొత్త ఉద్యోగం చూస్తున్నావా, కోడలేమంటున్నది, రోజూ ఆ అధికారి ముఖం చూసి ఇంకా ఎన్నాళ్లు నిలబడగలవు అని అడగండి. దావాలో జడ్జికి ఇవ్వవలసిన సాక్ష్యం వేరు, తండ్రికి చెప్పుకోవలసిన మాటలు వేరు. ఈ రెండోవి కూడా ఫోన్‌లో నోటితోనే మాట్లాడుకోండి, సందేశాల్లో రాసుకోకండి, ఎందుకంటే దావా నడుస్తున్నంత కాలం అవతలి పక్షం ఆ సందేశాలను కూడా చూపించమని కోర్టు ద్వారా అడగగలదు.

డాలస్‌లో ఉదయం తొమ్మిదికి మొదలైతే, అక్కడి వేసవి కాలమానం ప్రకారం మన దగ్గర రాత్రి ఏడున్నర. అసలు బేరం కుదిరేది మనకు తెల్లవారుజామున. ఆ రాత్రి మీ ఫోన్ పక్కనే పెట్టుకోండి. అతను చేస్తే ఎత్తండి. మీరై మీరు చేయకండి.